కాదనడం రాని మా బావ

మా బావ పోయిన కబురు వచ్చినప్పుడు నేను తిరుత్తణి బడిలో పిల్లలకు తెలుగు పద్యం చెబుతున్నాను. తిరువళ్ళూరు నుంచి వచ్చిన మనిషి తరగతి గుమ్మం దగ్గర నిలబడి, "అయివారూ..." అని మాత్రం అని తల వంచుకున్నాడు. ఆ వెంటనే బస్సెక్కాను. కనకమ్మ సత్రం దాటేదాకా ఎంత ప్రయత్నించినా బావ ముఖం నా కళ్ళ ముందుకు రాలేదు. ఆయన కుడి చెయ్యి మాత్రం వచ్చింది.

ఎవరు ఏం అడిగినా ఆ చెయ్యి భుజం దాకా లేచేది. ఈగను తోలినట్టు ఒకసారి గాలిలో ఆడేది. "అదెంత పని! అయిపోతాది పో" అనేవాడు. పెళ్ళివారికి విస్తళ్ళు కావాలన్నా, గుడివాళ్ళకు అన్నదానానికి మనుషులు కావాలన్నా, ఊత్తుకోట నుంచి వచ్చిన రైతుకు ఆ రాత్రి పడుకోవడానికి చోటు కావాలన్నా అదే చెయ్యి, అదే మాట. ఆ పనుల్లో సగం అయ్యేవి. అయిన సగమూ మా అక్క చేసేది. "ఆయన నోట్లో నించి సరే అనే మాట వచ్చిందంటే నా నడుముకి పని వచ్చినట్టే" అనేది ఆమె.

తిరువళ్ళూరు బజారులో ఆయనది బియ్యం మండీ. ముందు మండీ, వెనక ఇల్లు. తెల్ల పంచె, తెల్ల చొక్కా, కనుబొమల మీద ఎప్పుడూ తవుడు దుమ్ము. బస్తాలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని కొరికి చూసే అలవాటు ఎంత ముదిరిందంటే, పెళ్ళిళ్ళలో తలంబ్రాలు చేతికిచ్చినా అందులోంచి రెండు నోట్లో వేసుకునేవాడు. గొప్పలకు పోయే మనిషి కాదు. మోసగాడు అసలే కాదు. ఎదుటివాడి ముఖం వాడిపోతుంటే చూడలేడు, అంతే. కాదు అనే మాట ఆయన గొంతు దాకా వచ్చేదేమో గాని పెదవి దాటేది కాదు.

ఆ గుణం వల్ల ఆయనకు జరిగిన నష్టాలు చాలా ఉన్నాయి. అవన్నీ ఆయన మరిచిపోయాడు. ఒక్క కుక్క విషయం మాత్రం మరిచిపోలేదు.

డెబ్బైల నాటి మాట. ఆ సంవత్సరం మండీలో ఎలుకలు విపరీతంగా పెరిగాయి. అరక్కోణం రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ గార్డు కుటుంబం ఆస్ట్రేలియాకు వెళ్ళిపోతోందనీ, వాళ్ళ దగ్గర ఎలుకల్ని పట్టే పొట్టి సీమకుక్క ఉందనీ, మంచి ఇల్లు దొరికితే ఊరికే ఇచ్చేస్తారనీ బావకు ఎవరో చెప్పారు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి తోడు రమ్మన్నాడు. ఒక ఆదివారం ఇద్దరం వెళ్ళాం.

వరండా నిండా ఇనప్పెట్టెలు. వాటి మీద తెల్లరంగుతో పేర్లు రాసి ఆరబెట్టారు. గార్డు డ్యూటీలో ఉన్నాడు. ఆయన భార్య, పూలగౌను వేసుకున్న సన్నటి మనిషి, మమ్మల్ని కూర్చోబెట్టింది. కుక్క పేరు పిప్. తెల్లటి ఒళ్ళు, ఎడమ కంటి చుట్టూ, ఆ పక్క చెవి మీదా బెల్లం రంగు మచ్చ. మోకాలి ఎత్తు కూడా లేదు. మేం ఉన్నంతసేపూ అది నాలుగు కాళ్ళూ ఒకేసారి నేలకు ఆనించలేదు. పెట్టె మీదికెక్కింది, దిగింది, బావ చెప్పు తీసుకుపోయింది, తెచ్చి ఇచ్చింది, మళ్ళీ తీసుకుపోయింది. బావ పిల్లవాడిలా నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "ఇది టెర్రియర్. చిన్నగా ఉందని చూసి మోసపోకండి. పొద్దునా సాయంత్రమూ పరుగెత్తించాలి. పని ఇవ్వకపోతే తన పని తానే వెతుక్కుంటుంది. ఆ పని మీకు నచ్చదు" అంది. నేను తెలుగులో చెప్పాను. బావ తల ఊపాడు.

"ఎవరు తిప్పుతారు దీన్ని అని అడుగుతా ఉంది, బావా."

"నేనే. పొద్దునా సందేళా నేనే" అన్నాడు బావ. పొద్దున మిల్లు బండ్లు వచ్చే వేళ, సాయంత్రం బేరాల వేళ. అది నాకు తెలుసు.

"ఇంట్లో అందరికీ ఇష్టమేనా అంటోంది. ఒక్కరికి ఇష్టం లేకపోయినా ఇవ్వనంటోంది."

బావ చెయ్యి లేచింది. "కండిప్పా, తప్పకుండా ఇష్టమే అని చెప్పు. మా అమ్మకైతే కుక్కలంటే ప్రాణం అని చెప్పు."

వాళ్ళమ్మ కుక్క నీడ పడితే తలస్నానం చేసే మనిషి. నేను బావ ముఖం చూశాను. ఆయన చూపు ఆమె ముఖం మీదే ఉంది. ఆమె అప్పటికి కొంచెం తేలికపడింది. ఆ తేలికను ఆయన చెడగొట్టలేడు.

చివరికి ఆమె కుక్కను ఒళ్ళోకి తీసుకుని, ఈసారి నా వైపు కాక నేరుగా ఆయన వైపు చూస్తూ తనకొచ్చిన అరవంలోనే అడిగింది. "మీ ఇంట్లో కుదరకపోతే?"

"ఆ పేచ్చే లేదమ్మా" అన్నాడు బావ. ఆ మాటే లేదని.

"ఉంటుంది. మేం ఓడ ఎక్కడానికి ఇంకా రెండు నెలలు ఉంది. కుదరకపోతే తెచ్చి ఇచ్చేయండి. వేరే ఇల్లు చూస్తాను. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు" అంది ఆమె.

అలా పిప్ తిరువళ్ళూరు వచ్చింది. ఇంట్లో ఎవరికీ ముందు చెప్పలేదు. మా అక్క గుమ్మంలో నిలబడి, "నన్నొక మాట అడిగితివా?" అంది. "ఎలకలు పడతాది మే, అయిపోతాది పో" అన్నాడు బావ. పిల్లలు దానికి పిప్పి అని పేరు తిప్పారు. బావ వాళ్ళమ్మ, ఆ ముసలామె, తన గది తలుపు మూసుకుంది.

మొదటి వారం ఆయనకు పండగే. పిప్పి ఎలుకను పట్టే వేగం చూడ్డానికి పక్క మండీలవాళ్ళు వచ్చారు. తర్వాత అది తన పని తానే వెతుక్కోవడం మొదలుపెట్టింది. బస్తా వెనక ఎలుక ఉందని వాసన తగిలితే బస్తాను చీల్చేది. బియ్యం నేలపాలు. నడవలో మట్టి తవ్వేది. వంటింట్లోకి దూకి దోసెపిండి గిన్నె మీదుగా అవతలికి దూకేది. ముసలామె మడిబట్టకు దాని తోక తగిలింది. ఆమె పొద్దున్నే బావి దగ్గర మళ్ళీ నీళ్ళు పోసుకుని జ్వరం తెచ్చుకుంది. పిల్లలు కొన్నాళ్ళు పోటీ పడి తిప్పారు, తర్వాత బడి అన్నారు, పరీక్షలన్నారు. బావ పొద్దున మిల్లు బండ్ల దగ్గర, సాయంత్రం బేరాల దగ్గర. దాన్ని మెట్ల కింద స్తంభానికి కట్టేశారు. కట్టేస్తే మొరిగేది. పగలంతా మొరిగేది. నేను ఒకసారి వెళ్ళినప్పుడు చూశాను, కట్టినచోట గచ్చును గీరి గీరి దాని ముందుకాళ్ళ గోళ్ళ దగ్గర ఎర్రగా పుండ్లు పడ్డాయి. నన్ను చూసి గెంతింది. తాడు మెడను లాగి వెనక్కి పడేసింది. మళ్ళీ గెంతింది.

"బావా, ఇది ఈ ఇంట్లో ఇమడదు. ఆమె ఇంకా అరక్కోణంలోనే ఉండాది కదా" అన్నాను.

"అలవాటైపోతాది లేప్పా" అన్నాడు. నోట్లో బియ్యపు గింజలు నములుతూ, నా వైపు చూడకుండా.

ఇంకొన్ని రోజులకు అది తాడు కొరికేసి, మద్రాసు నుంచి వచ్చిన పెద్ద బేరగాడి పంచె కొంగు పట్టుకుంది. ఆయన కేకలు వేసి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్నే బావ కుక్కను చంకనేసుకుని బయల్దేరాడు. మధ్యాహ్నం ఒక్కడే తిరిగొచ్చాడు. "అరక్కోణంలోనే ఇంకో రైల్వే వాళ్ళకి ఇచ్చినాను. పెద్ద తోట ఉండాది. బాగుంటాది" అన్నాడు. ముసలామె తలుపు తెరుచుకుంది. మా అక్క మెట్ల కింద నీళ్ళు పోసి కడిగింది. ఆ రైల్వేవాళ్ళు ఎవరని ఇంట్లో ఒక్కరూ అడగలేదు.

తిరుత్తణిలో మా బడికీ ఇంటికీ మధ్య బస్టాండు. ఒక సాయంత్రం అక్కడ టీ కొట్టు ముందు పిల్లలు గుమిగూడి ఉన్నారు. మధ్యలో మురికి పట్టిన చిన్న కుక్క. అరక్కోణం బస్సు వచ్చి ఆగింది. అంతే, పిల్లల కాళ్ళ సందుల్లోంచి ఆ కుక్క దూసుకుపోయి బస్సు మెట్ల దగ్గర నిలబడింది. దిగే ఒక్కొక్కరి కాళ్ళూ వాసన చూసింది. అందరూ దిగిపోయాక తోక దించుకుని టీ కొట్టు బల్ల కిందకు వచ్చి కూర్చుంది.

"అయివారూ, దీని కతేందో తెలీదు. ఏ బస్సు వచ్చినా ఇట్లనే. తెల్ల పంచె కనపడితే ఇంకా ఆత్రం" అన్నాడు టీ కొట్టతను. "రొట్టె ఏస్తే తింటాది గాని కంటితో బస్సునే చూస్తా ఉంటాది."

నేను వంగి చూశాను. కంటి చుట్టూ బెల్లం రంగు మచ్చ. "పిప్పీ" అన్నాను. అది నా మీదికి ఎగిరింది.

తోటలోంచి తప్పించుకుని దారి తప్పి వచ్చిందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఇంటికి తీసుకొచ్చాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది.

"ఇప్పటికి అన్నం పెడతాను, కాళ్ళకి పసుపు రాస్తాను. ఉంచుకునేది మాత్రం ఇప్పుడే చెప్పలేను" అంది. "మీరు పొద్దున బడికి పోతే సందేళకి వస్తారు. దీంతో ఉండేది నేను. నా చేత అవుతాదో లేదో నేను చూసుకోవాల."

ఆమె నిజంగానే చూసుకుంది. మొదట మా అమ్మను చూసింది. మా అమ్మకు చెవులు వినపడవు, కుక్క మొరిగినా బాధ లేదు. పైగా ఆమె మంచం మీదే ఉంటుంది, కాలికి అడ్డుపడే భయం లేదు. పెరడు చూసింది. వెనక గోడ లేని ఖాళీ నేల, ఎంత తవ్వుకున్నా ఎవరికీ నష్టం లేదు. ఆపైన తనను తాను చూసుకుంది. రోజూ తెల్లవారుతూనే రైలుకట్ట అవతల ఉన్న పాలవాళ్ళ దొడ్డి దాకా నడిచిపోయి పాలు పోయించుకొచ్చేది. పిప్పిని తాడు పట్టి వెంట తీసుకుపోయింది. వెళ్ళేటప్పుడు అది ఆమెను ఈడ్చింది. వచ్చేటప్పుడు పక్కన నడిచింది. కొన్ని రోజులు ఇలా గడిచాక ఒక పొద్దున పాలచెంబు దించుతూ అంది.

"నాకు కుక్కలంటే పెద్ద ప్రేమేమీ లేదు. అయితే ఆ రైలుకట్ట దగ్గర ఒంటిగా పోవాలంటే నాకు భయంగా ఉండేది. మీతో చెప్పలేదు. ఇప్పుడు లేదు. ఉండనీండి."

బావకు కబురు పెడదామనుకున్నాను. ఎలాగూ ఆడికృత్తిక పండక్కి కొండ మీది గుడికి కావడి మొక్కుతో వస్తున్నారు, అప్పుడు చూసి సంతోషిస్తాడులే అని ఊరుకున్నాను.

ఆ రోజు కొండ దిగి అందరూ మా ఇంటికి వచ్చారు. బావ నుదుట విబూది, పసుపు పంచె, చెప్పుల్లేకుండా నడిచిన కాళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. వెనక అక్క, పిల్లలు, వాళ్ళ వీధివాళ్ళు కొందరు. మా ఆవిడ అందరికీ మజ్జిగ కలుపుతోంది. బావ గడపలో కాలు పెట్టాడో లేదో, పెరట్లోంచి తెల్లగా ఒక బాణం వచ్చినట్టు వచ్చింది పిప్పి.

అది మొరగలేదు. ఏదో సన్నటి కూత, పసిబిడ్డ కూత లాంటిది పెట్టింది. ఆయన కాళ్ళ చుట్టూ తిరిగింది, మోకాలి దాకా ఎగిరింది, కింద పడింది, మళ్ళీ ఎగిరింది. బొబ్బలెక్కిన పాదాలు నాకింది. ఒళ్ళంతా వణుకుతోంది. ఆ ఆనందం చూస్తే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి.

"పిప్పీ!" అని పిల్లలు అరిచారు. "ఇది ఈడికెట్లా వచ్చింది మామా?"

"పాపం, అరక్కోణం తోటలో నుంచి తప్పించుకున్నట్టుంది. బస్టాండులో దొరికింది. వచ్చే ప్రతి బస్సునూ వెతుకుతా ఉండింది" అన్నాను నేను నవ్వుతూ.

ఎవరో "ఎంత విశ్వాసమప్పా!" అన్నారు. అందరూ బావ వైపు మెచ్చుకోలుగా చూశారు. అంత ప్రేమ సంపాదించుకున్న మనిషి కదా అని. ఆయన అవునంటే సరిపోయేది. కనీసం ఊరుకున్నా సరిపోయేది.

ఆయన చెయ్యి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ముఖం తవుడు రంగుకు తిరిగింది.

"తోటా లేదు, ఏమీ లేదు" అన్నాడు. "నేనే బస్టాండులో ఇడిసిపెట్టి పోయినాను."

మజ్జిగ గ్లాసులు పట్టుకున్నవాళ్ళు అలాగే నిలబడ్డారు. అక్క, "ఏమంటా ఉండావు?" అంది. ఆయన గడప అవతలే, వీధి అరుగు మీద కూర్చున్నాడు. పిప్పి ఒళ్ళోకెక్కింది. ఆయన దాన్ని దించనూ లేదు, తాకనూ లేదు. రెండు చేతులూ పక్కకు పెట్టుకుని కూర్చున్నాడు, తాకే అర్హత లేనివాడిలా. మా ఆవిడ వచ్చి, "లోపలికి రాన్నా, కాళ్ళు కడుక్కో, అన్నం తిందువు" అని పిలిచింది. రాలేదు. ఆ రోజు మా ఇంట్లో మెతుకు ముట్టలేదు.

అందరూ భోజనాలు చేస్తుండగా నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఆయనే చెప్పాడు.

"ఆ పొద్దు ముందు ఆమె ఇంటికే పోయినానప్పా. గేటు దాకా పోయినాను. ఆమె వరండాలో పెట్టెలు కడతా ఉండింది. దీన్ని చూస్తే ఏమంటాదో, నన్ను చూస్తే ఏమంటాదో అని కాళ్ళు ఆడలేదు. అన్ని మాటలు చెప్పి తెచ్చినాను గదా. తిరుక్కోని బస్సెక్కినాను. ఈడ దిగినాను. కొండకి వచ్చే జనం ఎవరో ఒకరు అన్నం పెడతారులే అనుకున్నాను. టీ కొట్టు కాడ దించి బన్ను పెట్టినాను. అది తింటా ఉండింది. నేను ఎనక్కి తిరక్కుండా బస్సెక్కేసినాను."

"మా ఇల్లు ఇక్కడే కదా బావా. మా ఇంటికి తెచ్చుంటే?"

"తెస్తే నువ్వేమంటావు? నేను అప్పుడే చెప్పినాను గదా బావా అంటావు." ఒళ్ళో ఉన్న పిప్పి వైపు చూశాడు. "ఆ మాట పడలేక ఈ పని చేసినాను చూడు."

గార్డు కుటుంబం అప్పటికే ఓడ ఎక్కేసి ఉంటుంది. వెళ్ళి చెప్పుకుందామన్నా మనిషి లేదు.

ఆ తర్వాత ఆదివారం బావ ఒక్కడే వచ్చాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి మా ఆవిడతో, "అమ్మా, దీన్ని సందేళ నేను తిప్పుకోని రావొచ్చునా?" అని అడిగాడు. ఆయన ఏదైనా ఒకరి అనుమతి అడగడం నేను వినడం అదే మొదలు. ఆమె తాడు చేతికిచ్చింది. అప్పటినుంచి ఒంట్లో బాగున్న ఆదివారమల్లా వచ్చేవాడు. బస్టాండులో మాత్రం దిగేవాడు కాదు. ముందు స్టాపులో దిగి, ఎండలో నడిచి వచ్చేవాడు. పిప్పి ఆయన్ను కొండ చుట్టూ ఈడ్చుకు తిరిగేది. ఆయన ఒగరుస్తూ, పంచె ఎగ్గట్టుకుని వెనక పరుగెత్తేవాడు. చూసినవాళ్ళు నవ్వేవాళ్ళు. అది ఆయన్ను క్షమించిందని మా ఆవిడ అనేది. "దానికి కోపం వచ్చుంటే గదమ్మా క్షమించడానికి. అదే నాకు కష్టంగా ఉండాది" అనేవాడు బావ.

మండీలో కూడా మనిషి మారాడు. ఎవరైనా ఏదైనా అడిగితే చెయ్యి సగం లేచి ఆగేది. "తెలీదప్పా, ఇంట్లో అడిగి చెప్తాను" అనేవాడు. ఆ మాట ఆయనకు చాలా కష్టం మీద వచ్చేది, నత్తివాడికి మాట వచ్చినట్టు. కొందరు ఆయన పని అయిపోయిందన్నారు. భార్య కొంగు పట్టుకు తిరుగుతున్నాడన్నారు. మా అక్క మాత్రం నాతో, "పెళ్ళయిన ఇన్నేళ్ళకి నన్ను అడగతా ఉండాడురా" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో సంతోషం లేదు. ఆయన అడిగే తీరు చూస్తే ఆమెకూ సిగ్గేసేదట.

కొండ కింద ఆయన్ను కుక్కతో చూసిన ఒక బ్యాంకు ఆఫీసరు, కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు, ఇలాంటి చురుకైన కుక్క తమ ఇంట్లో పనికొస్తుందా అని అడిగాడు. చాలామంది అడిగేవాళ్ళు. బావ అందరికీ ఒకటే కథ చెప్పేవాడు, తనదే. బస్టాండుతో సహా. వీధిలో నిలబడి, పది మంది వింటుండగా. ఆఫీసరుతో ఆపైన ఇంకో మాట అన్నాడు: "కుక్క సంగతి నన్ను అడగొద్దు సార్. అది బంగారం. ఇంట్లో ఆడవాళ్ళని అడగండి. వాళ్ళు వేండాం, వద్దు అంటే ఆ మాట వినండి." ఆఫీసరుకు ఆ కథ నచ్చలేదు. తర్వాత ఎదురుపడితే పలకరించలేదట.

ఎనభైల మొదట్లో గార్డు భార్య తిరిగి వచ్చింది. ఉండిపోవడానికి కాదు, పెరంబూరులో ఉన్న చెల్లెలి కూతురి పెళ్ళికి. వెతుక్కుంటూ తిరువళ్ళూరు మండీకి వచ్చి, "పిప్ ఉందా?" అని అడిగింది. బావ ఆమెను రైల్లో మా ఇంటికి తీసుకొచ్చాడు. దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదని ఆమే చెప్పింది, నవ్వుతూ.

పిప్పికి అప్పటికి మూతి నెరిసింది. మొదట దూరంగా నిలబడి చూసింది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఏదో ఇంగ్లీషు పాట ముక్క సన్నగా పాడింది. అది మెల్లగా వచ్చి ఆమె గౌనులో మూతి దాచుకుంది. ఆమె ఏడ్చింది. ఏడ్చి, లేచి, మా బావ రెండు చేతులూ పట్టుకుంది.

"మీరు మాట నిలబెట్టుకున్నారు. మీ ఇంట్లో స్థలం లేక బంధువుల ఇంట్లో పెంచారు. ఎంత శుభ్రంగా ఉంది! ఇన్నేళ్ళూ నేను దీన్ని తలుచుకుని నిద్రపోని రాత్రులున్నాయి. మీకు నేనేం ఇవ్వగలను?" అంది ఇంగ్లీషులో.

బావ నా వైపు చూశాడు. "ఏమంటా ఉండాది?"

చెప్పాను.

"చెప్పప్పా ఆమెకి. బస్టాండు సంగతి చెప్పు."

"ఎందుకు బావా ఇప్పుడు? ఈ వయసులో సంతోషంగా వచ్చింది, సంతోషంగా పోనీ" అన్నాను తెలుగులో. మా ఆవిడ కూడా, "గమ్మునుండన్నా" అంది.

"ఆమె నా చేతులు పట్టుకోనుండాదిరా" అన్నాడు. ఆ గొంతు నాకిప్పటికీ వినపడుతుంది. ఆమె చేతుల్లోంచి తన చేతులు విడిపించుకుని, ఆమెకు అర్థమయ్యే అరవంలో తానే చెప్పేశాడు. ఇంట్లో ఎవరినీ అడగలేదనీ, అమ్మకు కుక్కలంటే ప్రాణమన్నది అబద్ధమనీ, దాన్ని తిరిగిచ్చేద్దామని ఆమె గేటు దాకా వచ్చీ సిగ్గుతో వెనక్కి తిరిగాననీ, బస్టాండులో బన్ను పెట్టి పారిపోయాననీ. పెంచింది ఈ తల్లి అని మా ఆవిడను చూపించాడు. చెబుతున్నంతసేపూ బడిలో దెబ్బలు తినే పిల్లవాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"నేను లోపలే ఉన్నాను కదా. గేటు దగ్గర్నుంచి పిలిస్తే చాలు కదా" అంది ఆమె. కోపంగా కాదు. అర్థం కానట్టు అంది. పిప్పిని ఒళ్ళోకి తీసుకుని దాని ముందుకాళ్ళు తిప్పి చూసింది. మా ఆవిడ నుదుట ముద్దు పెట్టింది. కాఫీ తాగలేదు. నేను స్టేషను దాకా వెళ్ళి రైలెక్కించాను. బావ కూడా వచ్చి ప్లాట్‌ఫారం చివర దూరంగా నిలబడ్డాడు. రైలు కదిలేటప్పుడు ఆమె నాకు చెయ్యి ఊపింది. ఆయన వైపు తిరగలేదు.

నేనేదో ఓదార్పుగా అనబోయాను. "లేదప్పా, సరిగ్గానే చేసింది" అన్నాడు. మర్నాడు మాత్రం మామూలుగా అన్నం తిన్నాడని అక్క చెప్పింది.

పిప్పి మరి కొన్నేళ్ళు బతికి, ఒక చలికాలం మా పెరట్లోనే పోయింది. బావ వచ్చి తన చేత్తోనే గుంట తవ్వాడు. ఎవరినీ పార ముట్టనివ్వలేదు.

నేను ఆయన్ను చివరిసారి చూసింది తిరువళ్ళూరులో, కబురు రావడానికి కొద్ది నెలల ముందు. మండీ పెద్దకొడుకు చూసుకుంటున్నాడు. ఆయన నడవలో పడకకుర్చీలో ఉన్నాడు. బావ పెద్దకూతురి కూతురు, ఏడేళ్ళ పాప, సెలవులకు వచ్చి ఉంది. మాటల్లో సగం అరవమే. పక్క వీధిలో స్టేషను మాస్టరు ఇంట్లో కుక్క పిల్లల్ని పెట్టిందట, ఒక పిల్లను ఇస్తామన్నారట. తాత కుర్చీ చేతి మీద కూర్చుని గడ్డం పట్టుకుని బతిమాలుతోంది. "కేటుకో తాతా, విను తాతా, నల్లగా ఉండాది, బొచ్చు బొచ్చుగా. ఒక్కటే ఒక్కటి!"

ఆ గడ్డం పట్టుకున్న చెయ్యినీ ఆ ముఖాన్నీ చూస్తే ఎవరూ కాదనలేరు.

"పొద్దున్నే దాన్ని బయటికి తీసుకోని పోవాలంట కదా. ఎవరు లేస్తారు?" అన్నాడు బావ.

"అమ్మ."

"అమ్మని అడిగినావా?"

పాప లోపలికి పరుగెత్తింది. వచ్చింది. "అమ్మ తన చేత కాదంటా ఉంది."

"మరి?"

పాప కుర్చీ దిగి నేల మీద కూర్చుంది. కాలి బొటనవేలు పట్టుకుని నిజంగానే ఆలోచించింది. మేమిద్దరం ఎదురుచూశాం. లోపల మా అక్క తిరగలి ఆపినట్టుంది.

"నాకు వద్దు తాతా" అంది పాప. "నేను రెండు దినాలు ఆడుకుంటాను. మళ్ళా మరిచిపోతాను. పాపం అది."

బావ నా వైపు తిరిగాడు. కళ్ళు నిండి ఉన్నాయి.

"ఎంత సులువుగా చెప్పేసింది చూడప్పా" అన్నాడు.

పాప అప్పటికే లేచి, గౌను దులుపుకుని, వీధిలోకి ఆటకు పరుగెత్తింది.